మెడ వెనక చెయ్యి

మా సైన్స్ మాస్టారు పిల్లల మెడ వెనక చెయ్యి వేసే ముందు "తులౌ" అనేవారు. తల ముట్టుకునేటప్పుడు ఇక్కడి ఫిజీవాళ్ళు కోరే మన్నింపు అది. "బేటా, మెదడు కాండం ఇక్కడే. హార్మోన్ వచ్చి ఇక్కడి రిసెప్టర్లని పట్టుకుంటే బీపీ పెరుగుతుంది," అని నొక్కి చూపేవారు.

వరదకి మా ఊరి సబేటో ఏటి వంతెన మునిగిన రోజున ఆయన భార్య వంటింట్లో కుప్పకూలింది. బీపీ మాత్రలు అంతకుముందే అయిపోయాయి. అంబులెన్స్ ఏటి అవతలే ఆగిపోయింది. పక్కింటి నుంచి అమ్మా నేనూ పరిగెత్తుకెళ్ళేసరికి, ఆయన ఆమె తల ఒళ్ళో పెట్టుకుని మెడ వెనక తడిగుడ్డ అదుముతున్నారు.

కాసేపటికి అమ్మ మెల్లగా అంది: "మాస్టర్జీ, ప్రాణం పోయింది. చెయ్యి తియ్యండి."

ఆయన తియ్యలేదు. "ఇక్కడే, ఇక్కడే" అని నొక్కుతూ, "తులౌ, తులౌ" అని ఆమెను బతిమాలుతూనే ఉన్నారు.