అమ్మ కోపంతో నేసిన జంపఖానా

మా ఇంట్లో ఇప్పటికీ ఒక జంపఖానా ఉంది. వంకర అంచు, వదులు నేత. పరిస్తే ఒక మూల పైకి లేచి కూర్చుంటుంది. వచ్చినవాళ్లు చూసి, "జంపఖానాలకు పేరున్న వరంగల్ కదా మీది, మీ ఇంట్లో ఇలాంటిదా?" అంటారు. నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. అది ఒక ఆఫీసరుకు లంచంగా ఇవ్వడానికి మా అమ్మ కోపంతో నేసింది.

డెబ్బయ్యవ దశకం చివర, నేను ఏడో తరగతి చదివేటప్పుడు, బాపు ఇంట్లోనే మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. నూలు కోటా మీద సర్కారు ధరకు వచ్చేది. బజార్లో కొని నేస్తే మిగిలేది నడుంనొప్పే. ఆ కోటా కాగితం మీద సంతకం పెట్టే ఆఫీసరు ఒకడు కొత్తగా వచ్చాడు. డబ్బు అడిగే రకం కాదు, ఆ మర్యాద ఉంది మహానుభావుడికి. "ఆఫీసుల ఒక మంచి జంపఖానా ఉంటె బాగుండు, జర చూడు" అన్నాడంతే.

అప్పుడే మరిపెడ నుంచి మా పాత బేరగాడు వచ్చి, పెళ్లిళ్ల కోసం ఇరవై జంపఖానాలు చెప్పి పోయాడు. ఏటా మా మగ్గం ఆడేది ఆయన బేరం మీదే. అది పోతే మగ్గం ఆగినట్టేనని ఇంట్లో నాక్కూడా తెలుసు.

"నువ్ జరుగు. వానిది నేను నేస్త" అంటూ అమ్మ మగ్గం మీద కూర్చుంది. దారాన్ని దగ్గరికి కొట్టే పంజాను ఊరికే అలా తాకించి వదిలేది. వరుసకో తిట్టు. "వాని కాళ్ల కిందికి గిది చాలు" అనేది. కండెలు అందిస్తూ నేను పడి పడి నవ్వాను. బాపు మాత్రం గడపలో కూర్చుని తల పట్టుకున్నాడు.

అది పూర్తయిన మర్నాడు బాపు మూట సైకిలుకు కట్టుకుని ఆఫీసుకు పోయాడు. సాయంత్రం అమ్మ సందూక పెట్టె తెరిస్తే తను నేసింది అందులో ఉంది! బాపు మామిడిపిందెల అంచు వేసి, మరిపెడ ఆయనకు చూపిద్దామని దాచిన జంపఖానా లేదు.

"ఏందయ్యా, నీకు మతి ఉన్నదా?"

"నువ్ నీళ్లకు పోయినప్పుడు మార్చిన. ఏంజెయ్యనే? గది మనింట్ల నేసిందని చెప్తె నాకు అన్నం సయిస్తదా?"

అంత మంచిది చూశాక ఆఫీసరు ఊరుకుంటాడా? పై ఆఫీసర్లకు నచ్చిందన్నాడు. మొదట రెండు, తర్వాత నాలుగు అడిగాడు. కోటా నూలు వచ్చేది గానీ, వచ్చినదాంట్లో సగం మళ్లీ ఆయన జంపఖానాలకే పోయేది. నాసిరకం ఇచ్చి ఉంటే మళ్లీ అడిగేవాడే కాడని అమ్మ చచ్చేదాకా అంది. నిజమే మరి. బాపు తన పనితనంతోనే నెత్తి మీదికి తెచ్చుకున్నాడు.

మరిపెడ ఆయన వచ్చేసరికి తయారైనవి ఏడే. చాయ తాగి, "అన్నా, నీ మీద కోపం లేదు. గని పెండ్లిళ్లు ఆగయి గద. ఒక్క వారం చూస్త" అన్నాడు.

మర్నాడే నూలు కాగితం మీద సంతకం కోసం ముగ్గురం ఆఫీసుకు వెళ్లాం. అర్జీ రాయాల్సి వస్తే ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా మామిడిపిందెల జంపఖానా ఆయన బల్ల కింద పరిచి ఉంది. దాని మీద సిరా మరకలు. కుర్చీ కాలు ఒరుసుకుని అంచు దగ్గర ఒక పోగు తెగింది.

"ఇంకో రెండు పట్కరా. సంతకం ఎంతసేపు?" అన్నాడు ఆఫీసరు.

అమ్మ నోరు తెరవబోయింది. అంతలో బాపు ఆయన ముందు నేల మీద కూర్చున్నాడు. కాళ్లు పట్టుకుంటున్నాడనుకుని సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

"సార్, జర కాళ్లు తీయుండ్రి" అన్నాడు బాపు.

ఆఫీసరు అయోమయంగా కాళ్లు ఎత్తాడు. బాపు కుర్చీ కాలు జరిపి, తెగిన పోగు వెతికి పట్టుకుని ముడివేశాడు. అరచేత్తో అంచు సాపు చేసి లేచాడు.

"పోగు తెగింది సార్, కట్టిన. ఇగ ఊడది. కొత్తయి మాత్రం నాతోని కాదు."

బయటికి వచ్చాక అమ్మ తిట్లన్నీ ఎటు పోయాయో! చాలాదూరం నడిచాక, "ఆకలైతాందా?" అని మాత్రం అడిగింది బాపుని.

సంతకం కాలేదు. మరిపెడ బేరం పోయింది. వానలు మొదలయ్యేనాటికి మా మగ్గం ఆగింది. తర్వాత తర్వాత మా వాడలో ఇంకెన్నో ఆగాయి, ఎవరి కథ వాళ్లది. బాపు పత్తి మార్కెట్లో బస్తాలు మోయడానికి పోయేవాడు. ఆఫీసరు మీద కంటే బాపు మీదే నాకు ఏళ్ల తరబడి కోపం ఉండేది. వాడికి అంత మంచిది ఎందుకిచ్చావని.

పని నుంచి వచ్చి బాపు, అమ్మ నేసిన జంపఖానా మీదే నడుం వాల్చేవాడు.

"పంజా గట్టిగ కొట్టకపోతివి" అనేవాడు.

"కొట్టాల్సింది దాన్ని గాదు" అనేది అమ్మ.

ఆ లేచిన మూల సరిచేయమని ఎన్నిసార్లు అడిగానో. ఆఫీసరు బల్ల కింద కూర్చుని పోగు కట్టిన మనిషి, దీన్ని మాత్రం ముట్టుకోలేదు.

"మీ అమ్మ కోపం గది, బిడ్డా" అనేవాడు. "గట్లనే ఉండనియ్."