ఇబ్రహీం సార్ మూడు పతకాలు

మొన్న రిపబ్లిక్ డే నాడు కొత్తగూడెం మైదానంలో జెండా వందనానికి నిలబడి ఉంటే, వెనక నుంచి లోహానికి లోహం తగిలే సన్నని చప్పుడు వినిపించింది. ఎవరో మాజీ సైనికుడు ఛాతీ మీద పతకాలు పెట్టుకుని నడిచి వస్తున్నాడు. స్టీలు చెంచాలు ఒకదానికొకటి తగిలినట్టుండే ఆ చప్పుడు విని పదేళ్లు దాటింది. తిరిగి చూడకముందే నాకు ఇబ్రహీం సార్ గుర్తొచ్చారు.

నేను ఏఎన్ఎంగా చేరింది చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న ప్రభుత్వ దవాఖానాలో. ఆయన అక్కడ హెల్త్ సూపర్‌వైజర్. కొత్తగూడెంలో వాళ్ల అన్నదమ్ములది బట్టల దుకాణం. ఈయన ఒక్కరే చిన్న వయసులో ఫౌజులో చేరి, సైనిక ఆసుపత్రుల్లో నర్సింగ్ పని చేసి, రిటైరయ్యాక ఈ ఉద్యోగానికి వచ్చారు. గాయం కడిగేటప్పుడు రోగితో మేకల ధరల గురించి, చేనులో పందుల బెడద గురించి మాట్లాడేవారు. మాటలు అయిపోయేసరికి కట్టు కట్టడం కూడా అయిపోయేది. మొదట్లో పసిపిల్లలకు టీకా వేయాలంటే సూది పట్టుకుని ఆగిపోయేదాన్ని. "ముందు నువ్వు ఊపిరి వదులు బిడ్డా, తర్వాత సూది గుచ్చు" అనేవారు. ఇప్పటికీ అలాగే చేస్తాను.

జెండా పండుగలకు మాత్రం ఆయన ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, దాని మీద మూడు పతకాలు పెట్టుకునేవారు. మొదటి ఏడాది నేను ఉండబట్టలేక అడిగాను.

"ఇవన్నీ మన సర్కారు ఇచ్చినవేనా సార్?"

"ఒకటే మనది. పరదేశంల పనిచేసినందుకు ఇచ్చిండ్రు. ఈ నీలం రిబ్బన్‌ది ఐక్యరాజ్యసమితిది. సోమాలియాల లడాయి ఆపనీకి ఎన్నో దేశాల ఫౌజులు కలిసి పోయినయి. మా మిలిటరీ దవాఖానా గూడ పోయింది."

"మరి మూడోది?"

"ఇటలీ వాళ్లది" అని, కోటు గుండీలు సవరించుకున్నారు. "పద, జెండా టైమైంది."

ఆ మూడో పతకం కథ నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. దానికి కారణం నేను చేసిన ఒక తప్పు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో, వాగు అవతలి కోయగూడెంలో కాన్పు చేశాను. బిడ్డ క్షేమంగా పుట్టింది కానీ తల్లికి రక్తం ఆగలేదు. అంబులెన్సు తారు రోడ్డు దాటి లోపలికి రాలేదు. ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి తల్లిని పడుకోబెట్టాం. ఆ గూడెం ఆశా కార్యకర్త ముత్తమ్మ, నాకంటే పెద్దది, తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నేను చూపించినట్టు పొత్తికడుపును పిసుకుతూ గర్భసంచి గట్టిపడేలా చేసింది. గంటకు పైగా, గతుకుల దారిలో, వానలో, చేయి మార్చలేదు. నేను సెలైన్ సీసా పట్టుకుని నాడి చూస్తూ కూర్చున్నాను. ఆ తల్లి బతికింది.

తర్వాత పై ఆఫీసు నుంచి వివరాలు అడిగారు. "రక్తస్రావాన్ని అదుపు చేస్తూ తల్లిని అంబులెన్సు వరకు చేర్చాను" అని రాసి పంపాను. పంద్రాగస్టు నాడు సన్మానించే ఉత్తమ ఉద్యోగుల జాబితాలో నా పేరు వచ్చింది. మిఠాయి డబ్బాతో సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక ముక్క తీసుకుని, రిపోర్టు నకలు అడిగి చదివారు.

"ముత్తమ్మ పేరు ఏది?"

"ఆశాల పేర్లు రాసే గడి లేదు సార్ అందుల."

"గడి లేదా, నీకు గుర్తు రాలేదా?"

నాకు కోపం వచ్చింది. ఇంజెక్షన్ చేసింది నేను, సెలైన్ ఎక్కించింది నేను, ఆమెకు ఎట్లా పిసకాలో చూపించింది కూడా నేనే అన్నాను. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"సోమాలియాల ఇటలీ సిపాయిల బండి మందుపాతర మీదికి పోయింది. ఇద్దరు బతికుండ్రి. ఒకనికి తొడ కాడ రక్తనాళం తెగింది. నేను వేళ్లతోని ఒత్తి పట్టుకున్న, క్యాంపు దాకా వదల్లే. మా బండి నడిపింది ఫరా అని సోమాలియా ఆయనే. మాకు దుబాసీ పని చేసెటోడు. మందుపాతరలు ఏడ ఉంటయో ఆయనకే ఎరుక. బాట ఇడిసి రాళ్లల్ల, ముళ్లల్ల తోలిండు. ఆయన లేకుంటే అందరం పోయెటోళ్లం."

"ఆయనకు మెడల్ ఇయ్యలేదా సార్?"

"ఆయన ఫౌజోడు కాదు గద. ఇటలీ ఆఫీసర్ వచ్చి నా ఛాతీ మీద పెట్టిండు. ఫరా కంచె అవతల నిలబడి చప్పట్లు కొట్టిండు. ఏమన్న చెప్తవా అని ఆఫీసర్ నన్ను అడిగిండు. థాంక్యూ సార్ అన్న. గంతే. ఒక్క పేరు చెప్పనీకి ఎంతసేపు పడ్తది బిడ్డా?"

మర్నాడే మళ్లీ రిపోర్టు రాసి ఆఫీసుకు తీసుకెళ్లాను. జాబితా అచ్చయిపోయింది, ఇప్పుడేమీ చేయలేమన్నారు. దాంతో పంద్రాగస్టు నాడు ముత్తమ్మను బతిమాలి వెంట తీసుకెళ్లాను. నా పేరు పిలవగానే ఆమె చేయి పట్టుకుని వేదిక ఎక్కాను. మైకు దగ్గరున్నాయన కాగితం తిరగేసి చూశాడు. ముఖ్య అతిథి ఈమె ఎవరని అడిగారు. "తల్లిని బతికించింది ఈమె చేతులు సార్. నా రిపోర్టులో తప్పు రాశాను" అన్నాను. ఉద్యోగం మీదికి వస్తుందేమోనన్న భయం ఉంది. ముఖ్య అతిథి శాలువా ముత్తమ్మకు కప్పి, ప్రశంసాపత్రం నా చేతిలో పెట్టారు.

తర్వాత సార్ మా ఇద్దరినీ బస్టాండు పక్కన హోటల్‌కు తీసుకెళ్లి మిర్చి బజ్జీలు తినిపించారు. నన్ను మెచ్చుకోలేదు. ముత్తమ్మను మాత్రం, గంటసేపు పిసికినా చేయి తిమ్మిరెక్కకుండా ఎట్లా ఆపావని పని తెలిసినవాళ్లు సాటివాళ్లను అడిగినట్టు అడిగారు.

"ఎక్కింది సార్. ఆపితే ఆమె పోతదని సిస్టరమ్మ చెప్పె" అందామె. శాలువా అంచు తడిమి చూసి, "ఇది వానకు ఆగదు గని మంచిగుంది" అని నవ్వింది. సార్ అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

సార్ చనిపోయి ఆరేళ్లయింది. పలకరించడానికి వెళ్తే, వాళ్లావిడ పతకాల పెట్టె తెచ్చి చూపించారు. ఇటలీ పతకం కింద మడిచిన కాగితం ఉంది. దాని మీద ఫరా పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి ఉంది. ఎవరు తెరిచినా చదవగలగాలని అలా రాశారట. ఫరా కోసం సార్ ఎన్నో చోట్లకు ఉత్తరాలు రాశారనీ, ఏదీ చేరినట్టు లేదనీ ఆమె చెప్పారు.

ఇప్పుడు నేనూ సూపర్‌వైజర్‌నే. కొత్త ఏఎన్ఎంలు రిపోర్టులు తెస్తే చదివి, "ఇంకా ఎవరున్నరు?" అని అడుగుతాను. చాలామంది ముందు ఎవరూ లేరంటారు. నేను తొందరపెట్టను. పోయిన వారం ఒక గూడెంలో కాన్పు చేసి వచ్చిన అమ్మాయి కూడా ముందు ఎవరూ లేరని, తర్వాత టార్చి పట్టిన బాలింత ఆడబిడ్డను, వాగు దాటించిన ఇద్దరిని, తన దుప్పటి ఇచ్చిన ముసలమ్మను ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంది. పేర్లు తెలియక ఆ గూడేనికి ఫోన్ చేసి కనుక్కుంది. రిపోర్టు రెండో పేజీలోకి పోయింది. ఇంత పొడుగేంటని అడుగుతూనే డాక్టరు గారు చివరిదాకా చదివి, సంతకం పెట్టారు.