దుర్గవ్వ జర్మన్ పడవ

మందమర్రిలో దుర్గవ్వ పాత ఇనుప మంచం అమ్ముదామని వాహెద్ పాత సామాన్ల దుకాణానికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనకాల ట్రాలీ ఆటోలో ఒక పడవ వచ్చింది.

ఎప్పుడో గోదావరి మీద సర్వే పనికి వచ్చిన కాంట్రాక్టరు ఎవరో వదిలేసిపోయిన అల్యూమినియం పడవ అది. నలుగురు కూర్చుంటే నిండిపోయేంత చిన్నది. ఒళ్ళంతా సొట్టలు, అడుగున అరచేయంత చిరుగు, లోపల ఎండి అట్టకట్టిన బురద. వాహెద్ దాన్ని ముక్కలుగా కోయించి కరిగించేవాళ్ళకు పంపుదామనుకున్నాడు. దుర్గవ్వ దాని చుట్టూ తిరిగి, వంగి అడుగు చూసి, వేళ్ళతో కొట్టి చప్పుడు విన్నది.

"గీ జర్మన్ పడవ నాకియ్యి వాహెదన్నా. మంచం నువ్వుంచుకో. ఇంట్ల ఖరాబైన కూలర్ ఉంది, అది గూడ పంపిస్త."

అక్కడ అల్యూమినియం గిన్నెలను జర్మన్ గిన్నెలనే అంటారు. వాహెద్ నవ్వాడు.

"గిదేం జేస్కుంటవ్ దుర్గక్కా? మందమర్రిల బొగ్గుంది గని, నది యాడుంది?"

"మా తమ్ముని ఊళ్ళె ఉంది."

ఇంట్లో ఆమె భర్త రాయమల్లు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరై ఏడాది కూడా కాలేదు. ఆటోలో నుంచి దిగుతున్నదాన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"మంచమమ్మి పడవ దెచ్చినవా? మరి నేనేడ పండాలె?"

"పడవల్నే పండు," అన్నది దుర్గవ్వ.

ఆమె పుట్టింది లక్షెట్టిపేట అవతల, గోదావరి ఒడ్డున. తమ్ముడు హనుమండ్లు ఆమె కంటే చాలా చిన్నవాడు. అందుకని వాడు పెద్దయ్యేదాకా వాళ్ళ బాపు వల విసరడానికి కూతురినే వెంట తీసుకుపోయేవాడు. విసురు వల భుజాన వేసుకోవడం, నీటి మీద అది గుండ్రంగా విచ్చుకునేలా నడుము తిప్పడం ఆమెకు బాపే నేర్పాడు. తరవాత పెళ్ళయింది. హనుమండ్లు చేతికి వల పోయింది, దుర్గవ్వ చేతికి బొగ్గుమసి పట్టిన బట్టలు వచ్చాయి. దానికి ఆమె ఏడ్చిందేమీ లేదు. పిల్లల్ని పెంచింది, ఇల్లు కట్టించింది. కానీ గోదావరి వంతెన మీద బస్సు పోయినప్పుడల్లా కిటికీ పక్క సీటు కోసం పోట్లాడేది.

మొదట్లో రాయమల్లు పడవ జోలికి రాలేదు. దుర్గవ్వ ఒక్కతే బురద గీకింది, ఉప్పుకాగితంతో పాత రంగు రుద్దింది, చెక్క సుత్తితో సొట్టలు తీసింది. ఆమె కొట్టే తీరు చూడలేక అతను అరుగు దిగాడు.

"నడిమిట్ల కొడితే పోదే. అంచుల పొంటి కొట్టుకుంట రావాలె. ఇటియ్యి."

ఆ పూట నుంచి పని ఇద్దరిదీ అయింది. ఆ ఊపులోనే రాయమల్లు ఒక పొరపాటు చేశాడు. అడుగున ఉన్న చిరుగుకు తానే వెల్డింగ్ పెడతానని తెలిసినవాళ్ళ మిషన్ తెచ్చాడు. ఇనుమైతే ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే కరిగి జారిపోయింది. అరచేయంత చిరుగు అన్నం పళ్ళెమంత అయింది. రాయమల్లు మిషన్ ఆపేసేసరికి ఆ రంధ్రంలోంచి నేల కనబడుతున్నది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

"గింతదానికి పరేషానెందుకు? చినిగితే అతుకేస్తం," అన్నది దుర్గవ్వ.

అతుకు వాహెదే ఇచ్చాడు. పెళ్ళిళ్ళలో బిర్యానీ వండే పెద్ద జర్మన్ దేగ్చా మూత. గిన్నె ఎటో పోయి మూత ఒక్కటీ అతని దుకాణంలో మిగిలింది. దాన్ని కోసి, అంచులకు నీళ్ళు దిగకుండా గమ్ము పూసి, రెండు రేకుల్నీ కలిపి పట్టే రివిట్లు కొట్టాలి. రివిట్ కొట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. పడవను రెండు డ్రమ్ముల మీద పెట్టి రాయమల్లు లోపల కూర్చుని సుత్తి పట్టాడు. దుర్గవ్వ కింద చాప మీద పడుకుని, రివిట్ తలకు బరువైన ఇనుప దిమ్మె అదిమి పట్టింది.

"జర మీదికి అదుము."

"అదిమిన. నువ్వు జర చూసి కొట్టు, నా చెయ్యుందీడ."

షిఫ్టులతోనే గడిచిన సంసారం వాళ్ళది. అతను ఇంట్లో ఉంటే నిద్రలో ఉండేవాడు. ఇద్దరూ కలిసి ఒక పని పట్టడం ఇదే మొదలని దుర్గవ్వకు ఆ దిమ్మె పట్టుకుని పడుకున్నప్పుడు తోచింది. ఆ మాట పైకి చెబితే సుత్తి ఎక్కడ పడుతుందోనని ఊరుకున్నది.

అంతలో పక్కింటి జ్యోతిరాణి గోడ మీంచి తొంగి చూసింది. ఆమె భర్త నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నాడు.

"అత్తా, మీ సుత్తె సప్పుడుకు మా ఆయన నిద్రల్నే డ్యూటీ చేస్తుండు."

ఇంతకాలం తన ఇంట్లోనూ అదే నిద్ర కాచిన దుర్గవ్వకు సిగ్గేసింది. ఆనాటి నుంచి సుత్తి పని సాయంత్రాలకు మారింది. అప్పుడు జ్యోతిరాణి కూడా చాయ్ పట్టుకుని వచ్చి కూర్చునేది.

రివిట్లు అయ్యాక, నల్లా నీళ్ళు వచ్చిన రోజు పడవ నిండా నీళ్ళు పట్టారు. లోపలి నీళ్ళు ఎక్కడెక్కడ బయటికి చెమ్మగిల్లుతున్నాయో చూసి సుద్దతో గీతలు పెట్టడానికి. వాడకట్టు వాళ్ళు నిలబడి నవ్వారు. దేగ్చా మూత దగ్గర ఒక్క చుక్క రాలేదు. పాత రివిట్లే అక్కడక్కడా కారాయి. వాటినీ మార్చారు.

వాన వెలిసిన రోజుల్లో వాహెద్ తన ట్రాలీ ఆటోలోనే పడవను గోదావరి ఒడ్డుకు చేర్చాడు. హనుమండ్లు చేపల సొసైటీ సభ్యుడు. పడవ చూసి మురిసిపోయాడు, అక్క వల అడిగేసరికి మాత్రం తల గోక్కున్నాడు.

"ఒడ్డు మీద అందరు చూస్తుండ్రక్కా. వల నేను ఇసురుత, నువ్వు కూసో."

"చూడనియ్యి," అని దుర్గవ్వ చీర కొంగు దోపి, వల అందుకుని తమ్ముడితో పడవెక్కింది.

మొదటిసారి వల ముద్దలా నీళ్ళలో పడింది. ఒడ్డున ఎవరో ఈల వేశారు. రెండోసారి సగమే విచ్చుకుంది. ఆమె కాసేపు ఆగి, తడి వలను భుజాన సర్దుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ఈసారి నడుము తనంతట తానే తిరిగింది. వల గుండ్రంగా విచ్చుకుని నీటి మీద వాలింది. లాగితే కొన్ని జెల్లలు, ఓ మోస్తరు బొచ్చె చేప. ఈల వేసినవాడు మళ్ళీ వేయలేదు. హనుమండ్లు మాత్రం అందరికీ వినబడేలా "మా బాపు ఇసురే తీరే," అన్నాడు.

ఇప్పుడు పడవ తమ్ముడి దగ్గరే ఉంటుంది. వారంలో రెండు పొద్దులు మాత్రం అది దుర్గవ్వది. మొదటి బస్సుకు పోయి, చేపలతో తిరిగివస్తుంది.

రాయమల్లు కూడా ఆమె వెంట పోతాడు. ఇన్నేళ్ళు భూమి కింద పనిచేసిన మనిషికి నీళ్ళంటే మహా భయం. పడవ అంచులు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు ఒడ్డు మీదే పెట్టుకుని కూర్చునేవాడు. మొన్న ఎందుకో ధైర్యం చేసి తెడ్డు అడిగాడు. దుర్గవ్వ ఇచ్చింది. అతను ఒకవైపే బలంగా తోయడంతో పడవ ఉన్నచోటే గిరగిర తిరిగింది.

"ఎటు పోతున్నం?" అని అడిగింది ఆమె, నవ్వు ఆపుకోలేక.

"ఫికర్ జెయ్యకు," అన్నాడు రాయమల్లు, తెడ్డు వదలకుండా. "యాడికైతేంది, మునుగుతలేం గద."