పనస మొద్దుకు మొదటి బహుమతి

మొన్న మదనపల్లె బైపాసులో కొత్తగా తెరిచిన హోటలుకు మా తమ్ముడి పిల్లలు నన్ను లాక్కుపోయారు. లోపల వానల అడవి కట్టారు. గోడల నిండా ప్లాస్టిక్ తీగలు, పైనుంచి పొగలా చల్లే నీళ్ళు, స్పీకర్లలో వాన చప్పుడు, మధ్యమధ్య ఏదో పిట్ట అరుపు. బయట అదే హోటలు సంపులోకి నీళ్ళు దింపుతున్న ట్యాంకరు. దోసె ముక్క నోట్లో పెట్టుకుని తల పైకెత్తానో లేదో, ఒక సన్న కొమ్మ చివర మామిడికాయలా వేలాడుతూ పనసకాయ కనబడింది. పనస మొద్దుకు కాస్తుంది, లావు కొమ్మలకు కాస్తుంది. అంత బరువును చిటారుకొమ్మ ఎలా మోస్తుందని కట్టినవాళ్ళలో ఒక్కరికీ అనిపించలేదా? మేనేజరును పిలిచి అడిగేశాను. "అది డెకరేషన్ మేడం" అన్నాడు ఆ పిల్లవాడు బిత్తరపోయి. మా పిల్లలు సిగ్గుతో ప్లేట్లలోకి తలలు దించుకున్నారు. నా కోపం అతని మీద కాదు, అది పాతికేళ్ళు దాటిన కోపమని వాళ్ళకెలా తెలుస్తుంది?

తొంభైల్లో నేను పుంగనూరు పక్కన ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేరాను. మకాం చౌడేపల్లెలో మా మేనత్త ఇంట్లో. అత్త వయసులో ఉండగా మామతో కలిసి కూర్గు కాఫీతోటల్లో కూలికి పోయి, ఎనిమిదేళ్ళు అక్కడే ఉండిపోయింది. మామ అక్కడే జ్వరంతో పోయాడు. ఆయన చివరగా ఇష్టంగా తిన్న పనసపండు గింజల్ని కొంగున కట్టుకుని ఆవిడ ఒంటరిగా చౌడేపల్లెకు తిరిగొచ్చింది. వాటిలో ఒక్కటే మొలిచింది. మా సీమ ఎండలో పనస బతకదని చూసిన ప్రతివాడూ చెప్పాడట. అత్త వాళ్ళతో వాదన పెట్టుకోలేదు. మొక్క పక్కన ఒక బండ వేయించి, మూడు వైపులా గోనెపట్టాలు కట్టించి, ఇంట్లో ఎవరు నీళ్ళు పోసుకున్నా ఆ బండ మీదే పోసుకోవాలని చట్టం చేసింది. అసలు స్నానాలగది ఉండేది, అందులో వేరుశనక్కాయల మూటలు నిలువునా పేర్చి ఉండేవి. సబ్బు నిషేధం, చెట్టుకు పడదని పెసరపిండి చేతికిచ్చేది. ఒకసారి కలకడ నుంచి వచ్చిన పెద్దమనిషి, మా వియ్యంకుల తరఫు, గోనెపట్టాల మధ్య నిలబడటం నామోషీ అనుకుని నీళ్ళు పోసుకోకుండానే మూడు రోజులు గడిపి వెళ్ళిపోయాడు. "ఆయప్ప కంపు ఆయప్పతోనే పోయిందిలే, సెట్టుకు రెండు బిందెల నీళ్ళు నష్టం" అని అత్త నెల రోజులు చెప్పుకుంది.

నేను సాయంత్రాలు మరుసటిరోజు పాఠాన్ని పైకి చదువుకునేదాన్ని. భూమధ్యరేఖ అడవులు, ఏడాది పొడుగునా వర్షం, అంతస్తులు అంతస్తులుగా చెట్లు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషిని కదా, నాకన్నీ తెలుసనే ధీమా. అత్త చింతకాయలు కొడుతూ వినేది. "అయ్యన్నీ సరే మే, జెలగల సంగతి రాయలేదా దాంట్లో?" అనేది. నడిస్తే కాళ్ళకు, కూర్చుంటే తొడలకు పట్టే జలగలు, వాటికోసం పొగాకూ సున్నమూ కట్టుకుని పనికి పోవడం, నెలల తరబడి ఆరని చీరలను పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టుకోవడం, ఆ పొగవాసనతోనే బతకడం, చాప కింద మొలిచే పుట్టగొడుగులు. ఒక పెద్ద పిట్ట తల మీదుగా పోతే తడిచీర విదిలించినట్టు చప్పుడయ్యేదట. ఇవన్నీ విని నేను నవ్వి, "అది కూర్గు అత్తా, నేను చెప్పేది బ్రెజిల్" అన్నాను. ఆ అడవిలో ఎనిమిదేళ్ళు తడిసిన మనిషికి, వానపాఠం పుస్తకంలో చదివిన నేను బుద్ధి చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పదకొండో ఏట ఆ చెట్టు మొద్దుకు తొలిసారి నాలుగు పిందెలు వచ్చాయి. అత్త వాటికి దిష్టి తగలకుండా పాతగుడ్డ కట్టింది. ఆ సంతోషాన్ని నేను ఇంట్లోనే ఉంచుకుని ఉంటే సరిపోయేది. స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పాను. అప్పుడే మదనపల్లెలో సైన్స్ ఫేర్ పడింది. మా హెడ్మాస్టరు వానల అడవి నమూనా పెట్టాలని తీర్మానించి, "మీ అత్తోళ్ళింట్లో పనస ఉండాదంటివి గదమ్మా, రెండు కొమ్మలు తెప్పీ" అన్నాడు. రెండు కొమ్మలే కదా అని ఒప్పుకున్నాను. ఆ రోజు అత్త కలకడలో ఒక చావుకు పోయి ఉంది. హెడ్మాస్టరే ఇద్దరు మనుషుల్నీ రంపాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగి, గుడ్డ పక్కకు లాగి పిందెలు చూశాడు. "మొద్దుకు కాయలు! ఇదే గదా వానడవి లక్షణం! మొద్దుతో సహా కావల్ల" అన్నాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయాల్సిన సంతకం ఆయనది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. రంపం శబ్దం మొదలయ్యాక మూసుకున్నాను. అరగంట కూడా పట్టలేదు.

ఫేర్‌లో మా నమూనా చూడటానికి జనం ఎగబడ్డారు. పనసమొద్దును మట్టిలో నిలబెట్టి, దూదితో మంచు, నీలం కాగితంతో నది చేశారు. కింద ఒక బొమ్మ సింహం, దాని పక్కన జీబ్రా. అవి ఆ అడవిలో ఉండవని చెప్పాను. "ఎవురమ్మా కనుక్కునేది" అన్నాడు హెడ్మాస్టరు. మొద్దు తల మీద అట్టముక్క: చెట్లను నరకవద్దు. నరికిన చెట్టుకే ఆ అట్ట తగిలించారు, తగిలించిన మేకు నేనే అందించాను.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆకులు వాడిపోయి, పిందెలు నల్లబడ్డాయి. అప్పుడే బహుమతులు నిర్ణయించే అధికారి వచ్చాడు, ఆయన వెనకాలే మా అత్త వచ్చింది. కలకడ నుంచి ఇంటికి చేరి, కోసిన మొదలు చూసి, పక్కింటివాళ్ళను అడిగి తెలుసుకుని, చావుకు కట్టుకెళ్ళిన చీర కూడా మార్చకుండా బస్సెక్కింది. జనాన్ని తోసుకుని వచ్చి మొద్దు మీద చెయ్యి వేసింది. నా వైపు చూడలేదు.

"పదకొండేండ్లు ఈ సెట్టు కింద నీళ్ళు పోసుకున్నా సారూ. బావి ఎండిన ఏడు ఒక సెంబుతో పోసుకున్నా. మా ఆయన సచ్చిన అడివి ఇది. నేను ఈడికి తెచ్చుకుంటే, మీరు కోసుకొచ్చి దూది పెడ్తిరే! యాడప్పా మీ వాన? జెలగలు యాడ?"

ఆ అధికారి చేతిలోని కాగితాలు చంకలో పెట్టుకున్నాడు. తర్వాత చప్పట్లు కొట్టాడు. "చాలా సహజంగా ఉంది. గిరిజన స్త్రీ పాత్ర బాగా చేశారు. ఏం సార్, మీ బడి ఆయానా?" అని హెడ్మాస్టరును అడిగాడు. హెడ్మాస్టరు ఒక్క క్షణం ఆలోచించి, చిరునవ్వుతో తల ఊపాడు. జనం కూడా చప్పట్లు కొట్టారు. "ఆమె మా అత్త, అది ఆమె చెట్టు" అని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. నేను బెత్తం పట్టుకుని, అడవి నాలుగు అంతస్తులు చూపించే పటం పక్కన నిలబడి ఉన్నాను, అలాగే నిలబడ్డాను. అత్త అప్పుడు నా వైపు చూసింది. ఆ తర్వాత నల్లబడిన పిందెల్లో ఒకటి తుంచి కొంగులో వేసుకుని బయటకు నడిచింది. మాకు మొదటి బహుమతి వచ్చింది.

అత్త నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు, తిట్టనూ లేదు. మరుసటి రోజు పొద్దున బకెట్టు తీసుకొచ్చి కోసిన మొదలు పక్కన బండ మీద పెట్టింది. అంతే. నేను ఆ మోడుకు ఎదురుగా నిలబడి నీళ్ళు పోసుకున్నాను. ఏడాది తిరక్కుండానే కుప్పంలో వేరే ఉద్యోగం చూసుకుని పారిపోయాను. అక్కడా అదే భాగోతం. బడిగోడ మీద నవ్వే ఏనుగు బొమ్మ వేయించి వన్యప్రాణులు మన నేస్తాలని రాయించారు. ఆ వారమే సరిహద్దు అడవిలోంచి వచ్చిన నిజం ఏనుగులు మా బడి పిల్లల ఇళ్ళవాళ్ళ రాగి చేలు తొక్కేశాయి. ఏనుగులకు తినడానికి అడవి, రైతుకు నష్టపరిహారం, రెంటికీ దిక్కులేదు గానీ రంగుల డబ్బాలు మాత్రం వేళకు దిగాయి.

నెలకోసారి చౌడేపల్లెకు వెళ్ళి ఆ బండ మీదే నీళ్ళు పోసుకునేదాన్ని. మోడు పక్కనుంచి రెండు చిగుళ్ళు వచ్చాయి, అత్త ఒకదాన్ని ఉంచింది. రెండువేల సంవత్సరం తర్వాత వచ్చిన కరువుల్లో బోరు ఎండిపోయి, ట్యాంకరు నీళ్ళకు వీధంతా బిందెలతో కొట్టుకుంటున్నప్పుడు కూడా ఆవిడ తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని తన వాటా చెంబు దానికే పోసింది. నరికిన తొమ్మిదేళ్ళకు మళ్ళీ మొద్దుకు కాయ పడింది.

అది పండిన రోజు నేను అక్కడే ఉన్నాను. అత్త చేతులకు నూనె రాసుకుని పండు కోసి, తొనలన్నీ వీధి వీధంతా పంచింది. గోనెపట్టాల కలకడ పెద్దమనిషికి కూడా డబ్బాలో పెట్టి పంపింది. నేను పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నాను. చివరి తొన పక్కింటి ఆవిడ చేతిలో పెట్టి, నూనె చేతులు తుడుచుకుంటూ, "నీ వంతు నువ్వు ఆ పొద్దే తినేస్తివి గదమ్మా" అంది, కోపం లేని గొంతుతో.

అత్త పోయి చాలా ఏళ్ళయింది, చెట్టు ఏటా కాస్తూనే ఉంది. కోసిన మోడు సైతం తొమ్మిదేళ్ళలో మళ్ళీ కాయ ఇచ్చింది గానీ, నేను నోరు మూసుకున్న ఆ ఒక్క నిమిషానికి మాత్రం ఇన్నేళ్ళయినా చిగురు రాలేదు.