ఆగడం నేర్చిన కండక్టరమ్మ

సిటీ బస్సులో టికెట్లు కొడుతూ సగం జీవితం గడిపిన ఆమెను అందరూ కండక్టరమ్మ అనే పిలిచేవారు. ముందు తలుపు దగ్గర ఆమె గొంతు లేస్తే వెనక సీట్లో కునికేవాడు కూడా ఉలిక్కిపడి చిల్లర తీసేవాడు. బస్సుల్లో మిషన్లు పెట్టి కండక్టర్లను తీసేశాక, కూతురు పట్టుబట్టి ఆమెను తరగతి సహాయకుల శిక్షణలో చేర్పించింది. టీచరు పాఠం చెబుతుంటే, వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని చేయూతనిచ్చే ఉద్యోగం అది.

“ఈ వయసులో నాకు బడేంటే? పిల్లలు నవ్విపోతారు.”

“నీ నోటికి జడిసి ఎవరూ నవ్వరులే అమ్మా” అంది కూతురు.

శిక్షణలో భాగంగా ఆమెను మూడో తరగతికి పంపారు. అక్కడొక నత్తి పిల్ల ఉంది. చదవమంటే “కు... కు...” అంటూ ఆగిపోయేది. కండక్టరమ్మ ఆగలేకపోయేది. “కుందేలు!” అని తనే అందించేసేది. పిల్ల తల వంచుకునేది. వెనక బెంచీలో కూర్చుని చూసిన శిక్షకురాలు ఆ రోజు పరీక్షలో ఆమెను ఫెయిల్ చేసింది.

“సాయమే కదండీ చేశాను?” కండక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మనసు మంచిదేనమ్మా. కానీ పాఠమంతా మీరే చదివేశారు. ఆ పిల్లకు నోరు తెరిచే సందు ఎక్కడిచ్చారు? ఆగడం నేర్చుకోండి. వచ్చే వారం మళ్ళీ చూస్తాను.”

ఇంటికొచ్చి మంచమెక్కి పడుకుంది. ఆమె భర్త దర్జీ. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి. పక్కనొచ్చి కూర్చున్నాడు.

“నేను... నీతో...”

‘అన్నం పెట్టమంటావు, అంతేగా’ అనబోయి నాలుక కరుచుకుంది. ఆగింది. ఆగడం ఇంత కష్టమా అనిపించింది.

“నీతో చెబుదామనుకుంటున్నా... పెళ్ళైన కొత్త నుంచీ... టీలో అంత పంచదార వెయ్యకు.”

“ఇన్నేళ్ళూ చెప్పవేమయ్యా!”

“చెప్ప... నిచ్చావా?”

కూతురు కడుపు పట్టుకుని నవ్వింది. కండక్టరమ్మ కూడా ఏడుస్తూనే నవ్వేసింది. ఆ వారమంతా ఆయన మీదే సాధన. పెళ్ళయ్యాక మాట్లాడనన్ని మాటలు ఆయన ఆ వారంలో మాట్లాడాడు.

మళ్ళీ పరీక్ష రోజు వచ్చింది. నత్తి పిల్ల పుస్తకం పట్టుకుని లేచింది. “న... న...” అని చిక్కుకుంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కండక్టరమ్మ అటొక్క చూపు చూసింది, తరగతి గప్‌చుప్. తర్వాత పిల్ల వైపు తిరిగి, తొందరేమీ లేదన్నట్టు తల ఊపి కూర్చుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేసింది.

“న... నది... దాటి... కుందేలు ఇల్లు చేరింది!”

వాక్యం మొత్తం, పిల్ల సొంత నోటితో. టీచరు చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు. శిక్షకురాలు లేచి వచ్చి కండక్టరమ్మ భుజం తట్టింది.

“గెలిచారమ్మా.”

“నేను కాదండీ, అదిగో అది!” అంది కండక్టరమ్మ, బస్సంతా వినపడే ఆ పాత గొంతుతో.

పిల్ల మాత్రం ఇంకా కూర్చోలేదు. పేజీ తిప్పింది.

“టీ... టీచర్, ఇది కూడా నేనే చదువుతా.”