వినపడని మాట

నా చిన్నప్పుడే మా నాయనకు వినికిడి సగం పోయింది. శింగనమల దగ్గర మా ఊళ్లో శెనక్కాయలు ఒలిచే మిల్లు ఉండేది. నాయన పని అక్కడే. ఆ యంత్రం మోతలో పదిహేనేళ్లు నిలబడితే ఎవరికైనా అంతే.

తొంభైల చివర్లో వానలు వరుసగా ముఖం చాటేశాయి. పొలాల్లో పని లేదు. ఆ మిల్లు పని కూడా పోతే వలస పోవడమే. సరిగ్గా అప్పుడే యజమాని అల్లుడు మేనేజరుగా వచ్చాడు. అతనికి నాయన చెవుడు ఒక ఆట అయింది. పదిమంది ముందు పిలిచి, గొంతు రాకుండా పెదవులు మాత్రం ఆడించేవాడు. నాయన తికమకపడి ఏం చెప్పారని అడిగితే చెవిటి దున్నపోతా అని తిట్టేవాడు. నాయన ఇంట్లో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు అన్నం క్యారియర్ తీసుకుని వెళ్లి నేనే చూశాను. నాకప్పుడు పదేళ్లు. నాయన చెవికి చెయ్యి ఆనించుకుని ముందుకు వంగితే, అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆయనకు వినిపించలేదు, కనిపించింది.

గింజలు ఏరుతున్న ఒక అవ్వ చేట పక్కన పెట్టి లేచింది.

"ఏమప్పా, నీ నోట్నుంచి మాటే రాల్యా. నా చెవులు బాగుండాయి, నాకూ ఇనపల్యా," అంది.

నవ్వులు ఆగిపోయాయి. మేనేజరు ఆమె వైపు చూడనైనా చూడకుండా, రేపట్నుంచి ఈమె రావద్దని మేస్త్రీకి చెప్పాడు. అవ్వ చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. అందరూ మళ్లీ పనిలో పడ్డారు. నాయన కూడా తల దించుకుని యంత్రం దగ్గరికి నడిచాడు.

సాయంత్రం ఆయనకు ఎదురు వెళ్లి, తప్పయిందని ఏడ్చాను. ఆయనకు వినపడలేదు. నడివీధిలో అరిచి చెప్పాల్సి వచ్చింది.

"నువ్వు చిన్నపిల్లవి, నవ్వితివి. ఆయమ్మ నా కోసరం లేసింది. నేను ఆయమ్మ కోసరం లేయల్యా పాపా," అన్నాడు.

ఆ నెలలోనే అవ్వ కూలి పని వెతుక్కుంటూ బెంగుళూరు పోయింది. నాయన ఇంకో ఆరేళ్లు ఆ మిల్లులోనే చేశాడు. మేనేజరు ఆట మానలేదు. పోనుపోను నాయనే అడగడం మానేశాడు. ఇంట్లో మేమేం చెప్పినా, వినపడినా పడకపోయినా, ఊరికే తల ఊపేవాడు. చివరికి మేమూ చెప్పడం తగ్గించాం.

నాకిప్పుడు తల నెరుస్తోంది. నా ఆఫీసులోనూ ఆ మేనేజరు లాంటి మనుషులున్నారు, వాళ్ల చుట్టూ నవ్వేవాళ్లున్నారు. నవ్వడం నేను ఆ రోజుతోనే మానేశాను. లేచి నిలబడటం మాత్రం పూర్తిగా నేర్చుకోలేదు. ఇన్నేళ్లలో రెండుసార్లు లేచాను. లేవని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ఇంటికెళ్లాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.