పంపు నొక్కితే ఆగిన ఇంజను

ముగ్గురు మనుషుల్ని సముద్రంలో ముంచడానికి తుపాను అక్కర్లేదు. రవంత కుంకుమ, గిన్నెడు సబ్బునీళ్లు, నాలాంటి మొండిమనిషి ఉంటే చాలు. చదివేటప్పుడు దేన్నైనా గట్టిగా పట్టుకోండి. ఆరోజు నేను పట్టుకోలేదు, అందుకే చెబుతున్నాను.

మా మరిది దామోదరం బట్టల కొట్టు మూసేసి, పుదుచ్చేరికి వచ్చేవాళ్లను సముద్రంలో తిప్పడానికి ఒక పాత మోటారు బోటు కొన్నాడు. ఇంజను బాగుంది. నడిపేవాడి ముందు పలక మీద నాలుగు స్విచ్చులు, ఒక్కోదాని చుట్టూ ఒక ప్లాస్టిక్ బిళ్ల. ఆ బిళ్లల మీద ఇంగ్లీషులో లైటు, హారను, పంపు, స్టాపు అని చెక్కి ఉంది. ఎండకు అవి పాత వడియాల్లా తెల్లబడిపోయాయి. హార్బరు అధికారి వచ్చి చూసి సంతకం పెడితేనే జనాన్ని ఎక్కించుకోవచ్చు. పెట్టకపోతే కొట్టూ లేదు, బోటూ లేదు.

"ఇంత అసింగెంగా, వెలిసిపోయి ఉంటే ఆయన సంతకం పెడ్తాడా వదినా?"

"రంగు పూసేది ఏం బ్రహ్మవిద్య దామోదరం? నేను చేస్తాలే."

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు, ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. రోజూ పొద్దున పేపరు పట్టుకుని వీధరుగు మీద కూర్చునేదాన్ని కాబట్టి ఇందిరా నగర్ అంతా నన్ను చదువుకున్న మనిషే అనుకునేది. నిజం తెలిసిన మా ఆయన పోయాక ఆ రహస్యం నా ఒక్కదానిదే.

అయినా నేను తెలివైనదాన్ని. బిళ్లలు ఊడదీసేటప్పుడు వెనకవైపు కుంకుమతో గుర్తు పెట్టాను. ఎడమనుంచి మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా. గరుకుగా ఉండే ఉప్పుకాగితంతో రుద్దాను. పొడి పోవాలని సబ్బునీళ్లలో వేశాను. నీళ్లు ఎర్రబడ్డాయి. పాత రంగు ఎంత బాగా వదులుతోందో అని మురిసిపోయాను కూడా. నల్ల రంగు కొట్టి, అక్షరాల గాడుల్లో తెల్ల రంగు సన్నకుంచెతో నింపాను, ముగ్గు దిద్దినట్టు. ఆరాక తిప్పి చూస్తే ఒక్క చుక్కా లేదు.

నా గుండె జారి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

ఎదురింటి కోమలమ్మను పిలిచాను. "చూడు కోమలం, అక్షరాలు తెలుస్తుండాయా?"

"రొంబ బాగుండాయక్కా! అచ్చు గుద్దినట్టుండాయి."

"ఏ అక్షరాలు?"

"అన్నీ!"

"ఇందులో నీకు ఏది నచ్చింది?"

"ఇదక్కా," అని ఒకటి వేలితో చూపించి వెళ్లిపోయింది. చదవవే తల్లీ అని అడగడానికి నోరు రాలేదు. మర్నాడు పొద్దున, అధికారి వచ్చే ముందు, నాలుగు బిళ్లల్నీ దేవుడి మీద భారం వేసి బిగించేశాను.

అధికారి యానాం మనిషి. "వదినే చేసింది సార్, రా వదినా, నువ్వూ కూసో," అంటూ దామోదరం నన్నూ ఎక్కించాడు. ఆయన పలక మీదికి వంగి మెడ వంకర తిప్పాడు. "ఏంటండీ, ఈ బిళ్ల తలకిందులుగా ఉంది?"

"ఇప్పుడు ఇదే ఫ్యాషను సార్," అన్నాను.

బోటు కదిలింది. హారను నొక్కితే లైటు వెలిగింది. తనకింకా చెయ్యి తిరగని పాత బోటు కదా, వైరు తప్పుంటుందని దామోదరం నవ్వేశాడు. నవ్వలేనిది నేనొక్కదాన్నే. హార్బరు మూతి దగ్గర అలలు లేచి అడుగున నీళ్లు చేరాయి. వాటిని తోడేద్దామని దామోదరం పంపు నొక్కాడు. ఇంజను ఆగిపోయింది.

ఎంత తాళం తిప్పినా పలకలేదు. అల ఒక్కోటి మమ్మల్ని నల్లరాళ్ల వైపు తోస్తోంది. రాళ్ల మీది నత్తలు కూడా కనిపిస్తున్నాయి. అధికారి రెండు చేతులతో కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమైందో తెలీట్లేదు వదినా!" దామోదరం తాళం తిప్పుతూనే ఉన్నాడు.

పరువా, ప్రాణమా? అరిచేశాను. "దామోదరం, నాకు చదువు రాదు నాయనా! ఆ బిళ్లలు యాడివి యాడ పెట్టినానో నాకే తెలీదు!"

"అంటే నేను నొక్కింది స్టాపా!" అన్నాడు. వెంటనే ఆ స్విచ్చును వెనక్కి లాగి తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది. రాయికీ మాకూ జానెడు ఉంది. రెండు జానలంటాడు దామోదరం, వాడికేం తెలుసు.

ఒడ్డుకు చేరాక అధికారి కమ్మీ వదిలి దిగాడు. "బోటు బాగానే ఉందండీ," అన్నాడు. "సంతకం పెడతాను. కానీ అమ్మగారు ఆ బిళ్లలు సరిగ్గా పెట్టి, ఒక్కోటీ చదివి నాకు వినిపించాలి."

నెల రోజులు బోటు కట్టేసి, కోమలమ్మ దగ్గర పలక పట్టుకున్నాను. నా ఓనమాలు ఆ నాలుగు మాటలే. తెలుగు తర్వాత వచ్చింది.

మళ్లీ అదే హార్బరు మూతి, అదే అధికారి. "లైటు," అని చదివి నొక్కాను, వెలిగింది. "హారను," మోగింది. "పంపు," నీళ్లు చిమ్మాయి. దామోదరం కళ్లలో నీళ్లు. ఆ ఊపులో "స్టాపు!" అని గొంతెత్తి చదివి, నొక్కాను.

"చదవమన్నానమ్మా!" కమ్మీ పట్టుకుని కేకపెట్టాడు అధికారి. "నొక్కమనలేదు!"

సంతకం పెట్టాడు లెండి, ఒడ్డుకు చేరాకే. ఆ నల్లరాళ్ల సాక్షిగా నేనూ ఒట్టు పెట్టుకున్నాను: బతికున్నన్నాళ్లూ అక్షరాన్ని కంటితోనే చదువుతాను, వేలితో చదవను.